హెడ్డు బోల్టు: బిగించక ముందే తేలిపోయే పని

ఇంజిన్ సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డును దించి ఎక్కించిన కారు, కొన్ని నెలలకే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తాగుతూ మళ్లీ షెడ్డుకు వస్తే, అందరి చూపూ ముందు హెడ్డు కింద సందు మూసే గ్యాస్కెట్ మీదకే పోతుంది. నాసిరకం వేశారంటారు, నకిలీ సరుకంటారు. అది నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కానీ గ్యాస్కెట్ తప్పు ఏమీ లేకుండా, దాన్ని అదిమి పట్టాల్సిన బోల్టులే తమ వంతు బలం ఇవ్వని సందర్భాలు కూడా తక్కువేమీ కాదు. అలాగని మెకానిక్ సరిగ్గా బిగించలేదని కాదు. పెట్టిన టార్క్ (తిప్పే బలం) అందగానే క్లిక్‌మనే టార్క్ రెంచి పట్టుకుని, మాన్యువల్‌లో ఉన్న అంకె దగ్గరే క్లిక్‌మనిపించి ఉంటాడు. అంకె సరిగ్గానే ఉంది, బిగింపు మాత్రం చాలలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే హెడ్డు బోల్టుల పనిలో ముప్పాతిక భాగం అర్థమైనట్టే.

చర్చకు ఒక ఇంజిన్ కావాలి కాబట్టి ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ డీజిల్‌ను తీసుకుంటాను. 2000ల తొలి ఏళ్లలో స్కోడా ఆక్టేవియాతో పాటు మన రోడ్ల మీదకు వచ్చింది. 1896 సీసీ, నాలుగు సిలిండర్లు, అవి ఉండే పోత ఇనుము బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు, రెండింటినీ కలిపి పట్టే 10 బోల్టులు. రోటరీ ఇంధన పంపు ఉన్న ఆ తరం ఇంజిన్‌కు బిగింపు వరుస ఇది: మొదట 40 న్యూటన్ మీటర్లు, తరువాత 60, ఆ తరువాత టార్క్‌తో సంబంధం లేకుండా ఒక పావు తిప్పుడు, మళ్లీ ఇంకో పావు తిప్పుడు. ఇవి ఈ ఇంజిన్ అంకెలు మాత్రమే. ఇదే కుటుంబంలో తరువాత వచ్చిన ఇంజిన్లకు కూడా తేడా ఉంటుంది కాబట్టి, ఎవరి ఇంజిన్‌కు వారు సరిపోయే మాన్యువల్ చూసుకోవాల్సిందే.

ఉక్కు సాగుతుంది

బోల్టు అంటే రెండు వస్తువులను కలిపి ఉంచే మేకు లాంటిదన్న భావన చాలామందిలో ఉంది. నిజానికి అది చాలా బిరుసైన స్ప్రింగు. బిగించినప్పుడు సాగుతుంది. 100 మి.మీ. సాగే భాగం ఉన్న గట్టి ఉక్కు బోల్టును దాని హద్దు దాకా బిగిస్తే దాదాపు 0.4 మి.మీ. పొడుగవుతుంది. సాగిన ఉక్కు మళ్లీ తన పొడవుకు రావాలని లాగుతుంది. ఆ లాగుడే హెడ్డును బ్లాకు మీద నొక్కి పట్టే బలం. మనకు కావలసింది అదొక్కటే. టార్క్, కోణం, క్లిక్ అన్నీ ఆ సాగుడును సాధించడానికి మనిషి కనిపెట్టిన దొంగదారులు.

ఎంత బలం కావాలో ఒకసారి లెక్క వేద్దాం. 1.9 టీడీఐ సిలిండర్ బోరు 79.5 మి.మీ., అంటే దాదాపు 50 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. డీజిల్ మండిన క్షణంలో లోపల పీడనం 150 బార్‌కు చేరిందనుకుంటే, ఒక్క సిలిండర్ నుంచే హెడ్డును పైకి తోసే బలం ఏడున్నర టన్నులు దాటుతుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతుంటే ఈ దెబ్బ ప్రతి సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు పడుతుంది. ఇటు వైపు చూస్తే, 12 మి.మీ. మందం ఉన్న 10.9 బలం తరగతి బోల్టు హద్దు దాకా సాగితే ఒక్కొక్కటి సుమారు 7 టన్నులు పడుతుంది. పది కలిపితే 70 టన్నులు.

ఏడున్నరకు డెబ్బై ఎందుకు అనిపించవచ్చు. ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగు బోల్టులున్నా, మధ్యలో ఉన్నవి పక్క సిలిండర్‌తో పంచుకున్నవే. హెడ్డు పైకి లేవకపోతే చాలదు, గ్యాస్కెట్ అంచుల మీద ఇంకా గట్టి ఒత్తిడి మిగిలి ఉండాలి, లేదంటే వాయువు సందు వెతుక్కుంటుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. ముందే గట్టిగా సాగి ఉన్న బోల్టు, సిలిండర్‌లో పడే ప్రతి దెబ్బలో చిన్న వాటాను మాత్రమే అనుభవిస్తుంది. మిగతాది హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న నొక్కుడులోనే సర్దుకుపోతుంది. వదులుగా ఉన్న బోల్టుకు ఆ రక్షణ ఉండదు. ప్రతి దెబ్బకూ పూర్తిగా సాగి, పూర్తిగా కుదించుకుని, కొన్నాళ్లకు అలసి విరుగుతుంది. అందుకే విరిగిన బోల్టును చూసి ‘ఎక్కువ బిగించారు’ అని తీర్పు చెప్పే ముందు ఆగాలి. తక్కువ బిగించినవి కూడా విరుగుతాయి.

వేడి సంగతి కూడా ఉంది. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హెడ్డు ఉష్ణోగ్రత 70 డిగ్రీలు పెరిగితే, 100 మి.మీ. ఎత్తు అల్యూమినియం అదే పొడవు ఉక్కు కన్నా 0.08 మి.మీ. ఎక్కువ పెరుగుతుంది. మొత్తం సాగుడే 0.4 మి.మీ. అనుకున్న చోట ఇది చిన్న అంకె కాదు. ప్రతి ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్ వేడెక్కినప్పుడల్లా బోల్టు మరికాస్త లాగబడుతుంది, రాత్రికి మళ్లీ సడలుతుంది. ఈ రోజువారీ లాగుడుకు కూడా బోల్టులో చోటుండాలి.

రెంచి కొలిచేది ఏమిటి

చిక్కంతా ఇక్కడే. టార్క్ రెంచి బోల్టు సాగుడును కొలవదు, బోల్టును తిప్పడానికి ఎంత కష్టపడుతున్నామో మాత్రమే కొలుస్తుంది. ఆ కష్టంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం బోల్టు మరల (చుట్టూ కోసిన గాట్ల) మధ్య రాపిడికి పోతుంది. మిగిలిన పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. అంటే మన చేతి శ్రమలో తొంభై శాతం తుప్పు, మురికి, నూనె, పూత, వాషరు నునుపు లాంటి వాటి దయ మీద ఆధారపడి ఉంటుంది. రాపిడి కాస్త పెరిగితే ఆ పదో వంతు ఐదో, ఆరో శాతానికి పడిపోతుంది. రెంచి మాత్రం అదే అంకె దగ్గర అదే క్లిక్ వినిపిస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 12 మి.మీ. బోల్టును 60 న్యూటన్ మీటర్లకు బిగించామనుకుందాం. మరలు పొడిగా ఉంటే వచ్చే బిగింపు దాదాపు రెండున్నర టన్నులు. ఇంజిన్ ఆయిలు రాసి ఉంటే మూడున్నర టన్నులకు కాస్త తక్కువ. మాలిబ్డినం ఉన్న గ్రీజు రాస్తే నాలుగు టన్నులు దాటుతుంది. రెంచి అదే, చెయ్యి అదే, అంకె అదే, ఫలితం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా మారిపోయింది. ఇవి శుభ్రమైన మరలకు వేసిన లెక్కలు. మరల్లో పాత సీలెంట్ (కారకుండా పూసే బంక) ముక్కో, తుప్పో ఉంటే రెండున్నర కన్నా ఎంత దిగువకు పోతుందో చెప్పలేం.

మరి ఏది సరైనది? మాన్యువల్ రాసినవారు ఏ స్థితిలో ఆ అంకెను లెక్కించారో అదే. నూనె రాయమంటే రాయాలి, రాయమనకపోతే సొంత తెలివి ఉపయోగించకూడదు. నూనె రాస్తే మంచిదే కదా అని అన్నింటికీ పూసేవారు ఉన్నారు. గ్రీజు ఇంకా మంచిదని పూసేవారూ ఉన్నారు. పొడి మరలకు ఇచ్చిన అంకెను గ్రీజు రాసిన బోల్టుకు ఉపయోగిస్తే, అల్యూమినియం బ్లాకులో మరలు ఊడి రావడానికి అదే తగిన కారణం.

కొలమానాల గందరగోళం కూడా ఇక్కడే వస్తుంది. మన షెడ్లలో కేజీ మీటర్ల రెంచీలు, అడుగు పౌండ్ల రెంచీలు, న్యూటన్ మీటర్ల రెంచీలు మూడూ కనిపిస్తాయి. 60 న్యూటన్ మీటర్లంటే 6.1 కేజీ మీటర్లు, 44 అడుగు పౌండ్లు. పొరపాటున 60 అడుగు పౌండ్లకు బిగిస్తే అది 81 న్యూటన్ మీటర్లవుతుంది. ఒకే రెంచి మీద రెండు స్కేళ్లు ఉంటాయి, కళ్లజోడు మరచిపోయిన రోజున ఇలాంటిది జరుగుతుంది.

పావు తిప్పుడు ఎందుకు

రాపిడిని నమ్మలేమని తెలిశాక ఇంజినీర్లు ఒక తెలివైన దారి పట్టారు. మొదట తక్కువ టార్క్‌తో అన్ని భాగాలూ ఒకదానికొకటి ఆనేలా బిగించి, అక్కడి నుంచి కోణం లెక్క పెట్టడం. కోణానికి రాపిడితో పని లేదు. 12 మి.మీ. బోల్టుకు మామూలుగా ఉండే మర అంతరం, అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం, 1.75 మి.మీ. కాబట్టి పావు, మళ్లీ పావు కలిపి సగం తిప్పితే బోల్టు 0.875 మి.మీ. కిందికి దిగాలి. నూనె ఉన్నా లేకపోయినా, తిప్పడం తేలికైనా కష్టమైనా, ఆ 0.875లో మార్పు ఉండదు. అందులో కొంత హెడ్డూ గ్యాస్కెట్టూ అణగడానికి పోతుంది, మిగిలింది బోల్టు సాగుడు. తొలి దశలో ఉన్న చిన్న టార్క్‌లో వచ్చే పొరపాటు మాత్రమే మిగులుతుంది. అందుకే ఆ దశ కూడా శుభ్రంగా జరగాలి.

రెండో తెలివి ఇంకా అందమైనది. ఉక్కు ఒక హద్దు దాకా స్ప్రింగులా సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ హద్దు దాటాక కూడా సాగుతుంది గానీ, పూర్తిగా వెనక్కి రాదు. ఆ దశలో ఇంకాస్త తిప్పినా బలం పెద్దగా పెరగదు, దాదాపు ఒకే స్థాయిలో నిలుస్తుంది. సరిగ్గా ఆ హద్దు దగ్గరికో, కొంచెం దాటేలాగో బోల్టును తీసుకెళ్తే, ఒకరు 85 డిగ్రీలు తిప్పినా మరొకరు 95 తిప్పినా పది బోల్టుల బలమూ ఇంచుమించు సమానంగా వస్తుంది. ఒక్క టార్క్‌ను నమ్మి బిగిస్తే బోల్టుకూ బోల్టుకూ పాతిక, ముప్ఫై శాతం తేడా మామూలే. కోణం పద్ధతిలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం హెడ్లు, పల్చని ఉక్కు పొరల గ్యాస్కెట్లు వచ్చిన తరువాత ఇలా సమానంగా నొక్కడం తప్పనిసరి అయింది.

ఈ తెలివికి చెల్లించే మూల్యం, హద్దు దాటిన బోల్టు మళ్లీ పాతదిలా ఉండదన్నది. అది శాశ్వతంగా కొంచెం పొడుగై, ఒక చోట కొంచెం సన్నబడుతుంది. రెండోసారి అదే కోణానికి తిప్పితే ఇంకా సాగుతుంది, మూడోసారి ఇంకా. ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. అది బిగిస్తున్నప్పుడే తెగితే అదృష్టం. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూ నార్కట్‌పల్లి దాటాక తెగితే తెలుస్తుంది కష్టం.

1.9 టీడీఐకి హెడ్డు బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలని కంపెనీ నియమం. కొన్ని కంపెనీలు కొలిచి చూసి, పొడవు పరిమితి దాటకపోతే మళ్లీ వాడుకోనిస్తాయి. మరికొన్ని బోల్టు సన్నబడే చోట మందాన్ని కొలవమంటాయి. అనుమతి ఉన్న చోట ఈ కొలతలను కాలిపర్‌తో నిజంగా తీసుకోవాలి, కంటితో చూసి బాగానే ఉందనడం కొలత కాదు. ఒక చిన్న పరీక్ష మాత్రం ఎవరైనా చేయవచ్చు: కొత్త నట్టును చేత్తో బోల్టు మరల మీద చివరి దాకా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా బిగుసుకుంటే, అక్కడ మర సాగి అంతరం మారిపోయిందన్న మాట. ఆ బోల్టుకు ఇక కాలం తీరింది. పాత బోల్టులు మిగుల్చుకుని ఆదా చేసే డబ్బు, హెడ్డు మళ్లీ దించే కూలీతో పోలిస్తే ఎంత? ఈ లెక్క కస్టమర్‌కు ముందే చెప్పడం మెకానిక్ పని. బోల్టుల ధర బిల్లులో వేరుగా కనిపిస్తుంది కాబట్టి కస్టమర్ దాన్నే ముందు కొట్టేయమంటాడు.

రంధ్రాల్లో దాగిన ప్రమాదం

హెడ్డు ఎత్తేటప్పుడు దాని లోపల మిగిలిన కూలెంట్, ఆయిలు బోల్టు రంధ్రాల్లోకి కారుతాయి. చాలా ఇంజిన్లలో ఈ రంధ్రాలకు అడుగు మూసుకుని ఉంటుంది. చెంచాడు ద్రవం నిలిచినా చాలు. బోల్టు దిగుతున్న కొద్దీ అది తప్పించుకునే దారి లేక అణగదొక్కబడుతుంది. ద్రవాన్ని కుదించడం సాధ్యం కాదు కాబట్టి రెండింట్లో ఒకటి జరుగుతుంది. బోల్టు కిందికి పోలేక టార్క్ ముందే పెరిగి, రెంచి క్లిక్‌మంటుంది, హెడ్డు మాత్రం వదులుగా ఉంటుంది. లేదా ఇంకా బలంగా తిప్పితే బ్లాకు గోడే పగులుతుంది. పగిలిన బ్లాకుకు అయ్యే ఖర్చు వింటే మిగతా ఇంజిన్ సంగతి గుర్తుకు రాదు.

అందుకే ప్రతి రంధ్రాన్నీ ఖాళీ చేయాలి. సిరంజికి సన్నని గొట్టం తొడిగి లాగవచ్చు, గుడ్డ చుట్టిన తీగతో తుడవవచ్చు, చివరికి కంప్రెసర్ గాలితో ఊదాలి. ఊదేటప్పుడు రంధ్రం మీద గుడ్డ కప్పి, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఆ మురికి నేరుగా ముఖం మీదకే లేస్తుంది. పక్కన ఉన్న సిలిండర్ల నోళ్లనూ, ఆయిలు దారులనూ ముందే గుడ్డలతో మూసెయ్యాలి.

తరువాత మరలను శుభ్రం చేయడం. ఇక్కడే కొందరు ట్యాప్ తీసుకుని రంధ్రంలో తిప్పేస్తారు. ట్యాప్ కొత్త మరలు కోయడానికి చేసిన పనిముట్టు, మురికితో పాటు లోహాన్నీ కొంచెం కోస్తుంది. అలా కోసిన మర వదులై, పట్టే శక్తి తగ్గుతుంది. కావలసింది మరలను సవరించే ఛేజర్. దొరక్కపోతే, అదే కొలత పాత బోల్టు ఒకటి తీసుకుని, దాని మరలకు అడ్డంగా రెండు మూడు గాళ్లు రంపంతో కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, చేత్తో దించి తీస్తే అదే ఛేజర్. మురికి ఆ గాళ్లలోకి చేరుతుంది. విసిరేసే పాత బోల్టుకు ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు. ఛేజర్ తీశాక మళ్లీ ఒకసారి గాలి ఊదాలి. బోల్టును చేత్తో దించితే అడుగు దాకా తేలికగా పోవాలి. ఎక్కడ ఆగినా కారణం తెలుసుకోకుండా ముందుకు పోకూడదు.

అన్ని రంధ్రాలూ మూసుకుని ఉండవు. చెవ్రొలే చిన్న బ్లాకు వీ8 లాంటి ఇంజిన్లలో హెడ్డు బోల్టులు నేరుగా కూలెంట్ తిరిగే నీటి జాకెట్‌లోకి దిగుతాయి. వాటి మరలకు సీలెంట్ పూయకపోతే కూలెంట్ మరల వెంట పైకి పాకుతుంది. ఏ ఇంజిన్‌లో ఏ రంధ్రం ఎక్కడికి పోతుందో చూసుకోకుండా ఒకే మందు అన్నింటికీ వేయడం కుదరదు.

అల్యూమినియం బ్లాకులున్న ఇంజిన్లది ఇంకో తలనొప్పి. ఉక్కు బోల్టు గట్టిది, దాన్ని పట్టే అల్యూమినియం మెత్తనిది. టొయోటా 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజిన్‌లో వెనుక వైపు హెడ్డు బోల్టుల మరలు బ్లాకులోంచి ఊడి రావడం అందరికీ తెలిసిన సమస్య. తరువాతి కాలంలో కంపెనీ మరల పొడవు పెంచింది. అమెరికా వెళ్లిన మన పిల్లలు సెకండ్‌హ్యాండ్‌లో కొనే 2000ల తొలి ఏళ్ల క్యామ్రీల్లో ఉండే ఇంజిన్ ఇదే కాబట్టి, కూలెంట్ తగ్గుతోందని ఇంటికి ఫోన్ చేస్తే ఈ సంగతి ఒకసారి చెప్పడం మంచిది. అలా మరలు పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల ఉక్కు మరలున్న గొట్టం లాంటి ఇన్సర్ట్ దించి మళ్లీ వాడుకోవచ్చు. నిలువుగా డ్రిల్లు దించే ఏర్పాటు లేకుండా చేతి అంచనాతో చేస్తే ఆ రంధ్రం వంకర పోతుంది, అంతటితో బ్లాకు పని అయిపోతుంది.

ఇక ఉపరితలాలు. పాత గ్యాస్కెట్ గీకడానికి గ్రైండర్‌కు గరుకు డిస్కు తొడిగి రుద్దడం మన షెడ్లలో బాగా అలవాటు. పని క్షణాల్లో అయిపోతుంది. కానీ ఆ డిస్కు నుంచి రాలే గట్టి పొడి ఆయిలు దారుల్లోకి చేరితే క్రాంకు బేరింగులను తినేస్తుంది. పైగా చూపుకు మెరుస్తున్న చోటే పల్లాలు పడతాయి. ఉక్కు పొరల గ్యాస్కెట్‌కు అలాంటి పల్లాలు సరిపడవు. ప్లాస్టిక్ గీకుడు బద్ద, గ్యాస్కెట్ కరిగించే ద్రవం, కాస్త ఓపిక ఉంటే చాలు. తరువాత నిటారు స్కేలు, సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజితో హెడ్డు వంకర చూడాలి. 1.9 టీడీఐకి పరిమితి 0.1 మి.మీ. అది దాటితే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపుకు పంపి ఫేసింగ్ (ఉపరితలాన్ని పల్చగా చెక్కి చదును చేయడం) చేయించడమే మనకు తెలిసిన మందు. ఈ ఇంజిన్ హెడ్డును మాత్రం ఫేసింగ్ చేయకూడదని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వులకూ మధ్య ఉండే సందు చాలా తక్కువ, హెడ్డు మందం తగ్గితే ఆ సందు పోతుంది. అందుకే ఇలాంటి హెడ్డు ముందుకొచ్చినప్పుడు, పంపే ముందు మాన్యువల్ తెరవాలి.

గ్యాస్కెట్ మందం కూడా ఆ సందు కోసమే. ఈ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు పైభాగం కన్నా ఎంత ఎత్తుకు లేస్తుందో డయల్ గేజితో కొలవాలి. 0.91 నుంచి 1.00 మి.మీ. అయితే ఒక రంధ్రం గుర్తు ఉన్న గ్యాస్కెట్, 1.01 నుంచి 1.10 అయితే రెండు రంధ్రాలది, 1.11 నుంచి 1.20 అయితే మూడు రంధ్రాలది. పాత గ్యాస్కెట్ మీద గుర్తు చూసి అదే తెప్పించడం పిస్టన్లు మార్చనంత కాలం సరిపోతుంది. మార్చినప్పుడు కొలవక తప్పదు.

బిగించే వేళ

ఇంత సిద్ధం చేశాక బిగించడం నిజంగా చిన్న పని. క్రాంకును కొద్దిగా తిప్పి నాలుగు పిస్టన్లలో ఏదీ పూర్తి ఎత్తున లేకుండా ఉంచాలి, లేదంటే హెడ్డు దించేటప్పుడు తెరుచుకుని ఉన్న వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. గ్యాస్కెట్ మీద ముద్రించిన పార్టు నంబరు పైకి కనిపించాలి. గ్యాస్కెట్‌కు అదనంగా ఏ బంకా పూయనక్కర్లేదు. హెడ్డును నిలువుగా దించాలి, గ్యాస్కెట్ మీద పక్కకు జరపకూడదు.

కొత్త బోల్టులు చాలావాటికి కంపెనీ పూత ఉంటుంది. దాన్ని పెట్రోలుతో కడిగేస్తే, ఆ రాపిడిని లెక్కలో పెట్టుకుని ఇచ్చిన అంకె అర్థం లేనిదవుతుంది. నూనె రాయమని ఉన్న చోట మరలకూ, బోల్టు తల కింద ఆనే భాగానికీ పల్చగా రాయాలి. తల కింద రాయడం చాలామంది మరచిపోతారు, అసలు సగం రాపిడి అక్కడే ఉందన్నది పైన చూశాం. బోల్టును నూనెలో ముంచి తీస్తే మాత్రం అడుగు మూసుకున్న రంధ్రంలో మళ్లీ అదే ద్రవం సమస్య.

వరుస ఎప్పుడూ మధ్య నుంచి మొదలై, అటొకటి ఇటొకటిగా చివరలకు పోతుంది. గోడకు కాగితం అతికించేటప్పుడు మధ్యలో నొక్కి అంచులకు నిమిరినట్టు. చివరలు ముందు బిగిస్తే మధ్యలో ఉబ్బు చిక్కుకుపోతుంది, ఆ తరువాత ఎంత బిగించినా పూర్తిగా పోదు. పది బోల్టులనూ మొదట చేత్తో, తరువాత వరుసలో 40కి, మళ్లీ మొదటి నుంచి వరుసలో 60కి బిగించాలి. ఒక్కో బోల్టును ఒకేసారి చివరి అంకెకు తీసుకుపోకూడదు. విప్పేటప్పుడు ఇదే వరుస తలకిందులు: చివరల నుంచి మధ్యకు, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాక. వేడి మీద విప్పిన అల్యూమినియం హెడ్డు వంగడం మామూలే.

టార్క్ దశలో రెంచిని ఆగకుండా, నెమ్మదిగా, ఒకే లాగులో తిప్పాలి. మధ్యలో ఆగితే, ఆగిన బోల్టును మళ్లీ కదిలించడానికి ఎక్కువ బలం కావాలి కాబట్టి, బోల్టు కదలకుండానే రెంచి క్లిక్‌మనే ప్రమాదముంది. అలా జరిగితే కొంచెం వదులు చేసి మళ్లీ లాగడం మేలు. క్లిక్ వచ్చాక ‘ఇంకొక్కసారి’ అని లాగే అలవాటు ఉన్నవారు చాలామందే ఉన్నారు. ఆ రెండో క్లిక్ నమ్మకం కోసం మాత్రమే, బోల్టుకు దానివల్ల మేలు లేదు.

కోణం దశకు ఇబ్బంది లేదు, మధ్యలో ఆగినా ఫరవాలేదు, కోణమే ముఖ్యం. కోణం గేజి ఉంటే మంచిది. లేకపోతే ప్రతి బోల్టు తల మీద ఒకే వైపుకు తెల్ల పెయింటు చుక్క పెట్టాలి. మొదటి పావు తిప్పుడుకు చుక్కలన్నీ ఒకే వైపుకు తిరగాలి, రెండో పావుకు మొదట ఉన్న వైపుకు సరిగ్గా ఎదురుగా చేరాలి. పది చుక్కలూ ఒకే దిక్కున ఉన్నాయా లేదా అన్నది దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. ఏ బోల్టునైనా తిప్పుతుండగా పట్టు హఠాత్తుగా మెత్తబడితే, అది సాగే దశలోకి మామూలుగా చేరుతోందా, మర ఊడి వస్తోందా అన్నది చేతికి తెలియాలి. సాగే బోల్టు ఒకే బరువుతో నిలకడగా తిరుగుతుంది. ఊడే మర క్షణక్షణానికి తేలికవుతుంది. రెండోది అయితే అక్కడే ఆపి, బోల్టు బయటకు తీసి చూడాలి. గాలి గన్నుతో ఈ తేడా తెలియదు. హెడ్డు బోల్టుల దగ్గర దాన్ని దూరం పెట్టడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఒక పాత ఆచారం గురించి చెప్పి ముగిస్తాను. కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక బండి తెచ్చి హెడ్డు మళ్లీ బిగించుకుని వెళ్లమని చెప్పే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ రోజుల్లో అది సరైన సలహా. అప్పటి మెత్తని గ్యాస్కెట్ వేడికి అణిగి పల్చబడేది, స్టడ్ల (బ్లాకులో దించిన తల లేని బోల్టుల) మీద నట్లు వదులయ్యేవి, వాటిని మళ్లీ బిగించడం అవసరమయ్యేది. ఇప్పటి ఉక్కు పొరల గ్యాస్కెట్ అలా అణగదు. 1.9 టీడీఐ బోల్టులను మళ్లీ బిగించనక్కర్లేదని కంపెనీయే చెబుతుంది. అయినా ఆ సలహా పాటించి, సాగే దశలో ఉన్న బోల్టు మీద మళ్లీ టార్క్ రెంచి పెడితే ఏ అంకె పెట్టాలి? 60 పెడితే వెంటనే క్లిక్ వస్తుంది, ఏమీ తెలియదు. ఇంకో పావు తిప్పితే బోల్టు మరికాస్త తెగడానికి దగ్గరవుతుంది. తిరిగి తెచ్చిన బండిలో చూడాల్సినవి వేరే ఉన్నాయి: కూలెంట్ మట్టం తగ్గిందా, కూలెంట్ దారుల్లో గాలి ఇంకా మిగిలి ఉందా, చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, ఆయిలు మూత లోపల తెల్లని నురగ ఉందా. ఇవేవీ లేకపోతే హెడ్డు జోలికి పోకుండా కీ ఇచ్చి పంపించవచ్చు.